పొడుగు బెజ్జాలు

బల్లని పొడిగించే పలకలు ఎక్కడ దాచాలన్న గొడవ కాఫీల దగ్గర మొదలై, నేను తోటలోంచి బీన్స్ గంప తెచ్చి వంటింట్లో దించేసరికి బాగా ముదిరిపోయింది.

"మలిండా మేడ మీద ఖాళీ గదిలో గోడకి ఆనించి పెట్టుకుంటుంది. నా కాపురమంతా నేను అక్కడే పెట్టాను," అంటోంది మా అత్తయ్య సలోమా.

"అందుకే మరి, నీ బల్లకి పలక వేసిన రోజున గ్రేవీ గిన్నె జరపాలంటే గడప దాటించినట్టు దాటించాలి," అన్నాడు మా ఆయన మహ్లాన్. "మేడ మీద చలి, కింద పొయ్యి. బల్ల ఒక గాలిలో, పలక ఇంకో గాలిలో ఉంటే పలక వంకర తిరక్క ఏం చేస్తుందమ్మా? కిందే ఉంచాలి. వాళ్ళ మంచం కింద."

"మంచం కింద చాలునా, పక్క వేసి దుప్పటి కూడా కప్పమంటావా?"

"దుప్పటి అక్కర్లేదు."

ఇంతకీ ఆ బల్ల ఇంకా తయారే కాలేదు. మా చిన్నమ్మాయి మలిండాకి అక్టోబరులో పెళ్ళి. ఏటి అవతల అద్దెకు తీసుకున్న ఇంట్లో కాపురం పెడుతుంది. రోజూ ఇద్దరికి సరిపోయి, ఆదివారం ప్రార్థన వాళ్ళింట్లో జరిగినప్పుడు లాగి పలకలు వేస్తే గది ఈ మూల నుంచి ఆ మూల దాకా సాగే బల్ల చేసి ఇస్తానని మహ్లాన్ మాటిచ్చాడు. చెక్క ఇంకా కార్ఖానాలో దొంతి మీదే ఉంది. తల్లీ కొడుకులు మాత్రం దాని పలకల కోసం పోట్లాడుకుంటున్నారు. మలిండా మొహం గిన్నెలు తోమే తొట్టి వైపు తిప్పుకుని నవ్వుకుంటోంది.

"పెళ్ళి కానివ్వండి. మంచం కింద ఏం పెట్టుకోవాలో వాళ్ళు చూసుకుంటారు," అన్నాను. అత్తయ్య నా వైపు ఒక చూపు చూసి, తన కాఫీ కప్పు తీసుకుని పక్క వాటాలోకి వెళ్ళిపోయింది.

మహ్లాన్ గడ్డి టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఇవాళ ఏం కోశావు?" అని అడిగాడు.

"బీన్స్. దోసకాయలు కూడా వస్తున్నాయి."

"బీన్స్, దోసకాయలు," అని తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ వేసవి పొడుగునా అతను రోజూ అలా అడిగేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా తోట వైపు తలెత్తి చూసిన మనిషి కాదు. ఇప్పటికి దాని మీద ఇష్టం పుట్టిందనుకుని లోలోపల సంబరపడ్డాను.

మాది ఒహాయోలో బల్లలు చేసే ఊరు. కరెంటు, కార్లు వాడని మా చర్చి కుటుంబాల్లో ప్రతి రెండో ఇంటి వెనకా ఒక కార్ఖానా, దాని పక్కన దడదడలాడే డీజిలు ఇంజను ఉంటాయి. మా కార్ఖానాలో మహ్లానూ, మా పెద్దవాడు ఆట్లీ చెక్క పని చేస్తారు. ఉప్పు కాగితంతో రుద్దడం, వార్నిష్ పూయడం నాదీ మలిండాదీ. బల్ల పైన ఎన్ని పూతలు వేస్తామో కిందా అన్ని పూతలు వేయాలి. ఒకవైపే పూస్తే రెండో వైపు తేమ పీల్చుకుని చెక్క వంగిపోతుందన్నది మహ్లాన్ నాకు నేర్పిన మొదటి పాఠం.

జూలై చివర్లో, మేము ఇంగ్లిషు వాళ్ళనే బయటివాళ్ళ దుకాణానికి పంపాల్సిన బల్ల కింద పాత దుప్పటి పరుచుకుని, వెల్లకిలా పడుకుని చివరి పూత వేస్తున్నాను. గాలి తడిగుడ్డలా మీద పడుతోంది. అలాంటి రోజుల్లో ఓక్ చెక్క కూడా మనలాగే ఉబ్బుతుంది. డిసెంబరులో బొగ్గు పొయ్యిలు వెలిగాక ముడుచుకుంటుంది. సాగే బల్ల పైభాగం రెండు ముక్కలు. రెండూ మధ్యలో కలుస్తాయి, లాగితే విడిపోతాయి. కింద పట్టీల్లో చెక్క గీత వాటి పొడవునా ఉంటుంది కనక అవి పెరగవు, తరగవు. పైచెక్క మాత్రం పెరిగీ తరిగీ బతుకుతుంది. అందుకని పైచెక్కని పట్టీకి బిగించేటప్పుడు మధ్యవైపు స్క్రూలే గట్టిగా బిగిస్తారు. చివరలవైపు పట్టీలో గుండ్రని బెజ్జం కాకుండా పొడుగు బెజ్జం వేసి, స్క్రూ అందులో అటూ ఇటూ జరిగేలా వదులుగా పెడతారు.

అయితే ఆ పొడుగు బెజ్జంలో స్క్రూ ఏ కొసన పెట్టాలన్నది నెలని బట్టి ఉంటుంది. వేసవిలో చెక్క ఉబ్బి ఉంది కనక ఇకపై ముడుచుకోవాలి. స్క్రూ బయటి కొసన పెడితే లోపలికి జరగడానికి చోటుంటుంది. చలికాలంలో చేసే బల్లకి దీనికి తలకిందులు, లోపలి కొసన పెట్టాలి. స్క్రూడ్రైవర్ అందుకునే ముందు మహ్లాన్ ఎప్పుడూ ఒకసారి కిటికీలోంచి బయటికి చూస్తాడు.

నా మొహానికి జానెడు ఎత్తున స్క్రూలన్నీ వరసగా కనిపిస్తున్నాయి. అన్నీ లోపలి కొసనే ఉన్నాయి.

బ్రష్ డబ్బాలో పెట్టి, దుప్పటి మీదే కాసేపు పడుకున్నాను. నేనే తప్పు చూస్తున్నానేమోనని బల్ల మధ్య ఎటుందో వేలితో తడిమి చూసుకున్నాను. తప్పు చూడలేదు. పొయ్యి వెలిగిన మొదటి చలికాలంలోనే ఈ బల్ల ముడుచుకోబోయి, చోటు లేక, నిలువునా పగులుతుంది.

ఆట్లీ చేశాడేమో అనుకున్నాను. వాడి మీద కోపం తెచ్చుకుందామని గట్టిగానే ప్రయత్నించాను. కొడుకు మీద కోపమైతే తేలిగ్గా ఉండేది.

వాణ్ణి పిలిచి చూపించాను. వాడు వంగి చూడను కూడా లేదు.

"నువ్వు పూత ఆపెయ్యమ్మా. నాన్న భోజనానికి వెళ్ళాక నేను మారుస్తాను," అన్నాడు.

"మారుస్తావా? అంటే ఇది మొదటిది కాదా?"

వాడు చేతికంటిన పొట్టు దులుపుకున్నాడు. బఠాణీలు కాసినప్పటి నుంచీ జరుగుతోందట. మొదట్లో ఎప్పుడైనా ఒకటి, ఇప్పుడు తరచుగా. వాడు స్క్రూ ఊడదీసి, పైచెక్కలో అది దిగిన పాత బెజ్జంలో చెక్క బిరడా కొట్టి, బయటి కొసన కొత్తగా బిగిస్తున్నాడు. ఎస్తాకి, అంటే వాడి భార్యకి, కూడా చెప్పలేదట.

"పని ఎక్కువై అలిసిపోయాడేమోరా," అన్నాను.

"అలిసిపోయినవాడు ఒకటి ఇలా, ఒకటి అలా పెడతాడు. నాన్న ప్రతి ఒక్కటీ ఎంత శుభ్రంగా పెట్టాడో చూడు. ఎక్కడా వెంట్రుక వాసి తేడా లేదు." వాడి గొంతు తగ్గింది. "అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా. జనవరికి సరిగ్గా ఉన్నాయి."

ఇంజను దడదడ మధ్య ఆ మాట నాకొక్కదానికే వినిపించింది. గది అవతల రంపం దగ్గర మహ్లాన్ చెక్క తోస్తున్నాడు. తిరిగే పళ్ళకి అతని చెయ్యి ఎంత దగ్గరగా వెళుతుందో అంతకుముందు ఎన్నడూ చూడలేదు నేను.

"స్క్రూలు నేను మార్చగలను. వేళ్ళు మార్చలేను," అన్నాడు ఆట్లీ. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. పెళ్ళి కానివ్వరా, అన్నాను. పెళ్ళికి ముందు ఇల్లంతా జనం, పిల్ల మొహాన నవ్వు, మధ్యలో ఈ మాట ఎలా ఎత్తను? వాడు మొండివాడు కాడు, వింటాడు. అలా వినడమే ఆ రోజు నాకు నచ్చలేదు.

అప్పటి నుంచి నా చెవులు కార్ఖానాకి అతుక్కుపోయాయి. మొక్కజొన్న కంకులు వొలుస్తున్నా, దోసకాయలు జాడీల్లో కూరుతున్నా వినేది రంపాన్నే. చెక్క పళ్ళకి తగిలినప్పుడు దాని గొంతు మారుతుంది. ముందు మూలుగు, తర్వాత కూత, చెక్క తెగాక మళ్ళీ మామూలు. కూత మధ్యలో తెగిందంటే నా చేతిలో పని ఆగిపోయేది. అది మళ్ళీ మొదలయ్యే దాకా ఊపిరి తీసుకునేదాన్ని కాదు. ఒకసారి జాడీ మూత పెట్టకుండానే మరిగే నీళ్ళలో దించేశాను.

"నా మాట కంటే ఆ ఇంజను మాటే నీకు బాగా వినపడుతోంది," అంది అత్తయ్య, బల్లకి అటువైపు కూర్చుని కంకులు వొలుస్తూ.

నేను మాట దాటవేయబోయాను.

"వాడు నా కొడుకు, వెర్నా. మొన్న ఈ ఎండల్లో నా పొయ్యిలోకి బొగ్గు తెచ్చి పోశాడు. వద్దనలేదు నేను. పోసి వెళ్ళాక ఎత్తి బకెట్లో పెట్టాను." చాకు ఆపకుండానే అంది. "నువ్వు ఒకవైపు సర్దుతున్నావు, మనవడు ఒకవైపు సర్దుతున్నాడు. నేనూ అంతే. వాడికి తెలీదనుకుంటున్నారా?"

నేను గిన్నె ఆమె వైపు జరిపి, ఇంకో కంకి అందుకున్నాను.

మలిండా బల్ల మీద మహ్లాన్ ఎవరి చెయ్యీ పడనివ్వలేదు. తెల్ల ఓక్ చెక్క ఏరి ఏరి తీశాడు. ఒక దాని గీత ఇంకో దాని గీతలోకి నడిచేలా పలకలు వరస పెట్టుకుని, గంటల తరబడి వాటి చుట్టూ తిరిగేవాడు. అలాంటప్పుడు అతన్ని చూస్తే నాకు కలిగిన భయమంతా పిచ్చిదనిపించేది. అంచు మీద బొటనవేలు పెట్టి, కళ్ళు మూసుకుని, ఉన్న ఎత్తు పల్లాలన్నీ చెప్పేసేవాడు. మలిండా వెళ్ళి పక్కన నుంచుంటే, "ఇది నీ కంటే సుకుమారంగా పెరుగుతోంది," అని ఏడిపించేవాడు. ఇలాంటి మనిషికి ఏం జబ్బు అనుకుంటూ వంటింట్లోకి వచ్చి, మళ్ళీ రంపం కోసం చెవులు రిక్కించేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇంజను నడుస్తూనే ఉంది, రంపం తిరుగుతూనే ఉంది, చెక్క కూత మాత్రం లేదు. ఆట్లీ గుర్రబ్బండి వేసుకుని స్క్రూలు కొనడానికి వెళ్ళాడు. నేను చేతులు తుడుచుకోకుండానే పెరట్లోకి పరుగెత్తాను.

మహ్లాన్ రంపం ముందు నుంచుని ఉన్నాడు. చేతుల్లో పలక. దాన్ని ఎటువైపు నుంచి తొయ్యాలా అన్నట్టు చూస్తున్నాడు. మొహంలో భయం లేదు. ఎవరో ఏదో చెబుతారని ఎదురు చూస్తున్న మనిషిలా ఉన్నాడు.

నేను వెళ్ళి మీట కిందికి లాగాను. రంపం మెల్లగా నిలిచింది.

"కాఫీ పెట్టాను, రా," అన్నాను. పెట్టలేదు నిజానికి.

"వస్తున్నా," అని పలక గోడకి ఆనించాడు. నడుస్తూ నా మోచెయ్యి పట్టుకున్నాడు. మాలో మగవాళ్ళు పెరట్లో భార్య చెయ్యి పట్టుకుని నడవరు. వంటిల్లు వచ్చేదాకా వదల్లేదు.

ఆ వారమే బల్ల బిగింపు అయిపోయింది. మర్నాడు పొద్దున పక్కింటివాళ్ళతో కలిసి చెక్క వేలంపాటకి వెళ్ళాడు మహ్లాన్. బండి మలుపు తిరగ్గానే ఆట్లీ, నేనూ కార్ఖానాలోకి వెళ్ళాం, దొంగల్లా. బల్ల కింద దూరి చూశాం. ఇద్దరికీ ముందే తెలుసు. స్క్రూలన్నీ లోపలి కొసనే ఉన్నాయి.

"మలిండా ఇల్లు చిన్నది. పొయ్యి బల్లకి బారెడు దూరం కూడా ఉండదు. క్రిస్మస్ దాకా కూడా ఆగదమ్మా ఇది," అన్నాడు ఆట్లీ. వాడు బిగించినంత సేపూ దీపం పట్టుకుని నుంచున్నాను. వాడు తెల్ల ఓక్ ముక్కల్లోంచి బిరడాలు చెక్కి, పాత బెజ్జాల్లో కొట్టి, రుద్ది నున్నగా చేశాడు. చేస్తూ చేస్తూ చెప్పులేని కాలితో ఏదో తన్నుకున్నాడు, నొప్పి అని కూడా అనలేదు. పని అయ్యాక చూస్తే ఏ తేడా తెలియలేదు. తెలియకూడదనే నా ఆశ.

తెలిసింది. సాయంత్రం మహ్లాన్ వేలం నుంచి తిరిగొచ్చి, టోపీ కూడా తీయకుండా కూతురి బల్ల కింద దూరాడు. నేను టమాటాలు కోసి ఇంట్లోకి వెళుతూ తెరిచిన తలుపులోంచి అతని బూట్లు చూశాను. గంప అక్కడే దించాను.

చాలాసేపటికి అతని చెయ్యి పట్టీ మీద కదలడం కనిపించింది. ఒక పొడుగు బెజ్జం దగ్గర ఆగింది. తర్వాత ఇంకో దాని దగ్గర. వేలి కొసతో ప్రతి బిరడానీ తడుముతున్నాడు.

బయటికొచ్చి నేల మీదే కూర్చున్నాడు. నన్ను చూశాడు.

"ఇవాళ ఏం కోశావు, వెర్నా?"

"టమాటాలు. పీచ్ పళ్ళ లారీ రేపు వస్తుందట."

"టమాటాలు," అన్నాడు. "పీచ్ పళ్ళు. అయితే ఆగస్టు." కూడబలుక్కుని చదివే పిల్లాడిలా అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. నా తోట మీద అతనికేమీ ఇష్టం పుట్టలేదు. వేసవి పొడుగునా రోజూ పొద్దున నా గంప చూసి అతను నెల తెలుసుకుంటున్నాడు. నేనేమో మురిసిపోతూ జవాబు చెప్పాను.

"పొద్దున గుర్తుంటుంది. ఇక్కడికొచ్చి స్క్రూడ్రైవర్ తీసుకుని కిటికీలోంచి చూస్తాను. ఆకులు కనిపిస్తూనే ఉంటాయి. అయినా నాకు లోపల పొయ్యి వెలుగుతున్నట్టే ఉంటుంది." వేళ్ళకంటిన పొట్టు చూసుకున్నాడు. "ఆట్లీయేనా?"

నేను తల ఊపాను.

"బాగా చేశాడు. బిరడా గీత కూడా చెక్క గీతతో కలిపాడు." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"నెల నుంచి."

"అమ్మకి?"

"అందరికంటే ముందే తెలుసనుకుంటా."

నవ్వాడు. నిజంగానే నవ్వాడు. నేను అతని పక్కన నేల మీద కూర్చుని, ఏదో ఒకటి అనాలని వెతుక్కున్నాను. పెళ్ళయ్యాక డాక్టరుకి చూపిద్దాం అన్నాను. సరే అన్నాడు. మలిండాకి ఇప్పుడే చెప్పొద్దు అన్నాను. దానికి సరే అనలేదు.

"అందరూ నా వెనక వెనకే వచ్చి సర్దుతుంటే నాకు నడవడం కష్టంగా ఉంది," అన్నాడు. లేచి టమాటాల గంప అతనే ఎత్తుకున్నాడు.

ఆ మిగిలిన వారం నేను నిద్రపోయింది తక్కువ. అతను రంపం దగ్గరికి వెళుతూనే ఉన్నాడు. ఆట్లీ ఏదో వంకతో పక్కనే నుంచుంటున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. నేనే ముందు ఏదో ఒకటి అనెయ్యాలి, లేకపోతే ఒకనాటి మధ్యాహ్నం కూత మధ్యలో తెగుతుంది అనుకునేదాన్ని. నోటి దాకా వచ్చిన మాటని పీచ్ పళ్ళ తొక్కలతో పాటు బకెట్లో పారేసేదాన్ని. మగవాడి చేతిలో పనిముట్టు తీసేసుకోవడం ఎలాగో మా అమ్మ నాకు నేర్పలేదు.

మాకు చర్చి ప్రార్థన వారం విడిచి వారం. ఆ ఆదివారం లేదు. ఆట్లీ, ఎస్తా భోజనానికి వచ్చారు. పక్క వాటాలోంచి అత్తయ్య తన ఊరబెట్టిన బీట్‌రూట్ జాడీ పట్టుకొచ్చింది. కోడికూర, గ్రేవీ, నూడుల్సు, మెదిపిన బంగాళాదుంపలు, పీచ్ పై. మలిండా పెళ్ళికి ఎన్ని కోళ్ళు కావాలో ఎస్తాతో లెక్క తేల్చుకుంటోంది. అత్తయ్య ఆ లెక్క కొట్టిపారేస్తోంది. మహ్లాన్ మాత్రం రెండోసారి ఏదీ వడ్డించుకోలేదు.

అందరి పళ్ళేలూ ఖాళీ అయ్యాక ఫోర్కు పక్కన పెట్టాడు.

"ఒక మాట," అన్నాడు. గొంతు పెంచలేదు. కోళ్ళ లెక్క ఆగిపోయింది.

"రేపటి నుంచి రంపం ఆట్లీది. స్క్రూలు కూడా. నేను మీ అమ్మతో కలిసి ఉప్పు కాగితం పడతాను."

మలిండా ఆట్లీ వైపు, తర్వాత నా వైపు చూసింది. ఆట్లీ బల్ల అంచు వైపు చూస్తున్నాడు.

"నాకు నెలలు గుర్తుండటం లేదు మలిండా. నీ బల్ల చలికాలమనుకుని బిగించాను. మీ అన్న సరిచేశాడు. ఇంకా ఏమేం గుర్తుండకుండా పోతాయో తెలీదు." కూతురి వైపే చూస్తూ అన్నాడు. "ఇది ఏ నెల అని అడిగితే చెప్పండి. నవ్వొద్దు. ముందే వచ్చి నా వెనక సర్దొద్దు. నేను అడుగుతాను, మీరు చెప్పండి."

ఎస్తా తన చెయ్యి ఆట్లీ మోకాలి మీద పెట్టడం నేను చూశాను.

"ఉప్పు కాగితమే ఇవ్వు వాడికి," అంది అత్తయ్య నాతో. "వార్నిష్ ఇచ్చావంటే కార్ఖానా నేలంతా మెరుస్తుంది." ఆమె కళ్ళు మాత్రం బీట్‌రూట్ జాడీ మీద నుంచి లేవలేదు.

"సరేనమ్మా," అన్నాడు మహ్లాన్. "తల వంచుదాం."

మాకు తినడానికి ముందు ఒకసారి, తిన్నాక ఒకసారి తల వంచి మౌనంగా ప్రార్థించడం అలవాటు. ఇంటి పెద్ద చిన్నగా గొంతు సవరించుకుంటే తలలు ఎత్తుతాం. ఆ రోజు అందరం తల వంచాం. గోడ గడియారం చప్పుడు వినిపించింది. మామూలుగా పట్టే సమయం గడిచింది, ఇంకా కొంత గడిచింది. గొంతు సవరించుకున్న చప్పుడు రాలేదు. ఇంకా దేవుడితో మాట్లాడుతున్నాడో, ముగించాలన్న సంగతే మరిచిపోయాడో మాకు తెలియలేదు. మాలో ఎవ్వరమూ ముందుగా తల ఎత్తలేదు.